పసుపు పట్టే కాగితం

తిరుపతి,
ఆదివారం

పాపా,

నువ్వు బెంగళూరు నుంచి పంపిన నీ పెళ్లి కార్డు ఫోటో చూశాం. మీ అమ్మకు రంగు నచ్చింది. కింద రాసిన 350 జీఎస్ఎం, ఫాయిల్, ఎంబాసింగ్ మాత్రం ఇద్దరికీ అర్థం కాలేదు. నిన్న గాంధీ రోడ్డుకు వెళ్లి, తెలిసిన ప్రెస్సులో గంటన్నర కూర్చుని అన్నీ అడిగొచ్చాను. ప్రెస్సాయన టీ కూడా ఇప్పించాడు పాపం.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్సు కాగితం 70, 80 ఉంటుంది. నీ కార్డు విప్పితే 20 సెంటీమీటర్లకు 40. అంటే 350 జీఎస్ఎంలో ఒక్కోటి 28 గ్రాములు. ఆరువందలకు కవర్లు కాకుండానే దాదాపు 17 కిలోలు! స్కూటర్ మీద తిరిగి పంచేది నేనమ్మా. 250 జీఎస్ఎం చాలు. అట్ట మందమయ్యేకొద్దీ మడత దగ్గర రంగు పగిలి తెల్లగా కనిపిస్తుందట. అలా కాకుండా ముందే గీత నొక్కి మడవాలి, దాన్ని క్రీజింగ్ అంటారు. అది బిల్లులో ఉందో లేదో అడుగు.

మీ అమ్మ పొట్లం కట్టిచ్చిన పసుపును అక్కడే రెండు చుక్కల నీళ్లతో కలిపి కార్డుల మూలలకు రాశాను. నువ్వు మెచ్చిన నున్నటి ఆర్ట్ కార్డు మీద అది చుక్కలు చుక్కలుగా విడిపోయి, వేలు తగలగానే తుడుచుకుపోయింది. గరుకుగా ఉండే టెక్స్చర్ కాగితం మాత్రం చక్కగా పీల్చుకుంది. పసుపు పట్టని శుభలేఖ ఎంత ఖరీదైనదైనా నాకొద్దు.

ఇక అచ్చు. ఆఫ్‌సెట్ అంటే ప్లేట్లు చేయించి మెషీన్ మీద వేసే అచ్చు. అచ్చు ఖర్చులో ఎక్కువ భాగం ఆ ప్లేట్లకే, అందుకే నాలుగొందలైనా ఆరొందలైనా పెద్ద తేడా రాదు. కానీ ముదురు మెరూన్ కాగితం మీద ఆ సిరా తేలదు. దానికి స్క్రీన్ ప్రింటింగే. సన్నని జాలీలోంచి సిరాను ఒత్తుతారు, ఒక్కో రంగుకు ఒక్కోసారి. బంగారు రంగు నిండుగా పడింది. ఎంబాసింగ్ అంటే బొమ్మనో పేరునో నొక్కి ఉబ్బెత్తుగా తేల్చడం. ఫాయిల్ అంటే వేడి అచ్చుతో మెరుపు రేకును కాగితానికి అంటించడం. వినాయకుడికీ మీ ఇద్దరి పేర్లకూ వేయించుకో. మ్యాటరంతా వేయిస్తే సన్నటి ఒత్తులు పూడిపోతాయి, పైగా లైటు కింద ఆ మెరుపుకు మీ పెదనాన్న ఒక్క ముక్క చదవలేడు.

ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకునే నమూనా, మాత్రం కాగితం మీద తీయించి నాకు పంపు. నువ్వు ఫోన్లో టైపు చేసింది ప్రెస్సువాళ్లు వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్‌లోకి మార్చేటప్పుడు అక్షరాలు చెదురుతాయి. మీ మేనత్త పెళ్లికి ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని ఉండాల్సినచోట ‘శుక్రవారం రాత్రి’ అని పడింది. ఆ ప్రెస్సువాడిని ఎన్ని తిట్టినా ఏం లాభం, ప్రూఫు చూసి సంతకం పెట్టింది నేనే. మదనపల్లె చుట్టాలు శుక్రవారం రాత్రి బస్సు దిగేసరికి మనవాళ్లు పందిరి విప్పుతున్నారు.

పసుపు రాసిన ముక్కలు రెండూ ఈ కవర్లోనే పెట్టాను, వేలితో రుద్ది చూడు. కార్డులు రాగానే మొదటిది కొండకు, రెండోది తిరుచానూరు అమ్మవారికి. మిగతావి ఎవరెవరికో మీ అమ్మ అప్పుడే లిస్టు రాస్తోంది, ఆరువందలు చాలవంటోంది.

మీ నాన్న