గోడబొమ్మలకు రాతల కన్నా రోలర్‌తోనే ముప్పు

సంపాదకులకు నమస్కారం.

కుడ్యచిత్రం మీద ఎవరో స్ప్రే డబ్బాతో పేరు గీసిపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా జనం కోపమంతా ఆ గీసినవాడి మీదికే పోతుంది. అది నష్టమే, కాదనం. కానీ గీతల కింద పడ్డ బొమ్మను చాలాసార్లు తిరిగి తెచ్చుకోవచ్చు. మర్నాడు ‘శుభ్రం’ చేయడానికి వచ్చినవాళ్లు రోలర్‌తో బూడిదరంగు కొట్టేస్తే మాత్రం దాన్ని బయటికి తీయడం దాదాపు అసాధ్యం. ఈ తేడా పత్రికల్లో ఎక్కడా కనిపించదు కాబట్టే ఈ లేఖ.

స్ప్రే రంగు పొర పలచగా ఉంటుంది. బొమ్మలో ఒక మూల నాలుగు గీతలు పడతాయి, మిగతాది అలాగే ఉంటుంది. రోలర్‌తో కొట్టే ఎమల్షన్ రంగు సంగతి వేరు. ఈ రోజుల్లో గోడబొమ్మలు ఎక్కువగా అక్రిలిక్ రంగులతో వేస్తున్నారు. బయటి గోడలకు కొట్టే ఎమల్షన్‌లోనూ రంగును పట్టి ఉంచేది చాలావరకు అక్రిలిక్కే. రెండూ ఒకే జాతివి కాబట్టి పై పొరను కరిగించే ద్రావకం అడుగు పొరనూ వదలదు. రెండు పూతలు పడ్డాయంటే ఇక సన్నని కత్తితో అంగుళం అంగుళం లేపుకోవాల్సిందే. పాతకాలపు సున్నం దీనికన్నా ఎంతో నయం. అది కింది బొమ్మను గట్టిగా పట్టుకోదు, పెచ్చులుగా లేస్తుంది. ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ గిల్డ్ చాపెల్‌లో 1563-64లో గోడచిత్రాలకు వెల్ల వేయించిన పట్టణాధికారి జాన్ షేక్‌స్పియర్, సాక్షాత్తూ నాటకకర్త విలియం షేక్‌స్పియర్ తండ్రి. గోడను చెక్కించేయకుండా వెల్లతో సరిపెట్టడం వల్లే కొన్ని బొమ్మలైనా శతాబ్దాల తర్వాత బయటపడ్డాయి.

శుభ్రత పేరుతో కాక, నచ్చక మూసేసినవీ ఉన్నాయి. మెక్సికో చిత్రకారుడు సికేరోస్ 1932లో లాస్ ఏంజెలిస్ ఓల్వెరా వీధిలో ‘అమెరికా ట్రోపికల్’ వేశాడు. సుమారు 80 అడుగుల పొడవు, 18 అడుగుల ఎత్తు. వేయించినవాళ్లు అందమైన ఉష్ణమండల దృశ్యం వస్తుందనుకున్నారు. అతను శిలువకు కట్టేసిన మూలవాసిని, అతని నెత్తిన అమెరికా గద్దను వేశాడు. కొన్నేళ్లలోనే మొత్తం తెల్లరంగు కింద పోయింది. కళాకృతుల పరిరక్షణ చేసే గెట్టీ సంస్థ ఏళ్ల తరబడి పనిచేశాక 2012లో గాని జనం దాన్ని మళ్లీ చూడలేదు. అప్పటికి రంగులు చాలావరకు పోయాయి. అయినా ఊహించి కొత్త రంగులు వేయకుండా మిగిలినదాన్ని మిగిలినట్టే నిలబెట్టారు. అదే సరైన పని. మరో మెక్సికో చిత్రకారుడు డీగో రివేరాకు ఆ అదృష్టం కూడా లేదు. న్యూయార్క్‌లో పెట్టుబడిదారు రాక్‌ఫెల్లర్ కట్టించిన రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో అతను వేస్తున్న చిత్రంలో లెనిన్ ముఖం కనిపించిందని 1933లో పని ఆపించారు, 1934లో గోడ మీంచి కొట్టేయించారు. అదే ఏడు మెక్సికో నగరంలో దాన్ని మళ్లీ వేశాడు గాని, ఆ పెట్టుబడిదారు భవనంలో, ఆ గోడ మీద ఉంటే వచ్చే అర్థం వేరు కదా.

గోడబొమ్మకు అర్థం సగం గోడ నుంచే వస్తుంది. చిత్రకారిణి జూడీ బాకా 1976లో మొదలుపెట్టిన ‘గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలిస్’ అర మైలుకు పైగా ఒక వరద కాలువ గోడ పొడవునా సాగుతుంది. 400 మందికి పైగా కుర్రాళ్లు, అమ్మాయిలు కలిసి వేశారు. వలసవచ్చిన మెక్సికన్లను వెనక్కి పంపించడం, యుద్ధకాలంలో జపాన్ మూలాలున్నవారిని శిబిరాల్లో పెట్టడం వంటివి ఆ ప్రాంతం వాళ్ల చరిత్రగా అక్కడున్నాయి. ఆ బొమ్మను కోసుకెళ్లి మ్యూజియంలో పెడితే సగం పోతుంది. వీధిబొమ్మలను గోడల నుంచి ఊడదీసి ప్రదర్శనకు పెట్టడం నచ్చకే బ్లూ అనే ఇటలీ చిత్రకారుడు 2016లో బొలోన్యాలోని తన బొమ్మలన్నిటికీ తానే బూడిదరంగు కొట్టేశాడు.

చట్టం సంగతి. అమెరికాలో 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం ప్రకారం, గోడ నుంచి విడదీయగల కుడ్యచిత్రాన్ని తీసేయాలనుకుంటే యజమాని కళాకారుడికి రాతపూర్వకంగా తెలిపి 90 రోజుల గడువివ్వాలి. ఈ చట్టానికి కోరలున్నాయి. లాస్ ఏంజెలిస్‌లో కెంట్ ట్విచెల్ వేసిన ఆరంతస్తుల చిత్రాన్ని (ఎడ్ రుషే అనే కళాకారుడి రూపం అది) 2006లో చెప్పాపెట్టకుండా కొట్టేసినవారు 2008లో 11 లక్షల డాలర్లకు రాజీపడ్డారు. న్యూయార్క్‌లో గోడబొమ్మలతో నిండిన 5పాయింట్జ్ అనే భవనం కేసు ఇంకా ముఖ్యం. అక్కడి బొమ్మలు చాలావరకు స్ప్రే డబ్బాలతో వేసినవే, అంటే మనం గ్రాఫిటీ (అనుమతి లేని గోడరాతలు) అని తుడిపేసే రకమే. 2013లో యజమాని రాత్రికి రాత్రే తెల్లరంగు కొట్టించాడు. 2018లో కోర్టు 45 చిత్రాలకు 67.5 లక్షల డాలర్ల పరిహారం విధించింది, 2020లో పైకోర్టు దాన్ని నిలబెట్టింది. ఏది చెత్తరాత, ఏది చిత్రం అన్నది రోలర్ పట్టుకున్న మనిషి అక్కడికక్కడ తేల్చే విషయం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక చేయాల్సిన పని. బొమ్మకు రక్షణ రంగు వేయకముందే మొదలవ్వాలి. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ కనీసం 28 రోజులు ఆరాలి. ఆరని గోడలోని క్షారం రంగును తినేస్తుంది. పిట్టగోడ పగుళ్లు, నీటి గొట్టం లీకు, నేల నుంచి ఎక్కే చెమ్మ, ఈ మూడూ ముందే సరిచేయాలి. లేకపోతే చెమ్మతో పాటు లవణాలు పైకొచ్చి తెల్లగా పూస్తాయి, రంగు పొక్కులు కట్టి ఊడుతుంది. రంగుల్లోనూ ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు ఎండకు ఆగుతాయి. ఫ్లోరసెంట్ రంగులు తొందరగా వెలిసిపోతాయి. వెలిసిన బొమ్మను చూస్తే గీసేవాడికీ, అధికారికీ ఒకటే అనిపిస్తుంది: దీన్ని పట్టించుకునేవాళ్లెవరూ లేరని.

బొమ్మ పూర్తయ్యాక కొన్ని వారాలు ఆరనిచ్చి పారదర్శక అక్రిలిక్ వార్నిష్ రెండు పూతలు, దాని మీద మైనపు పూత రెండుసార్లు వేయాలి. ఈ మైనం ఉన్నది పోవడానికే. ఎవరైనా గీస్తే వేడినీళ్లు తక్కువ ఒత్తిడితో కొడితే మైనంతో పాటు గీతా జారిపోతుంది. ఆ మేరకు మళ్లీ మైనం పూస్తే సరి. చాలామంది కాంట్రాక్టర్లు దీనికి బదులు ‘శాశ్వత’ పాలీయూరెథేన్ పూత అంటగడతారు. పొడి గోడ మీద అది బాగానే పనిచేస్తుంది. చెమ్మ గోడ మీద వేస్తే నీరు లోపలే చిక్కుకుని పూత పాలలా తెల్లబడుతుంది, తర్వాత బొమ్మను వెంటేసుకుని ఊడుతుంది. వద్దనుకున్నా బొమ్మకు దెబ్బ తగలకుండా దాన్ని తీయలేం. సున్నపు గోడలకూ, పాత ఇటుక గోడలకూ అది అసలు పనికిరాదు.

పూత లేని బొమ్మ మీద గీస్తే? ముందు ఫొటో తీయాలి, పక్కన కొలబద్ద, రంగుల కార్డు పెట్టి. గీత పడిన ఒకటి రెండు రోజుల్లో అయితే పని సులువు. నెలలు గడిస్తే స్ప్రే రంగు గట్టిపడిపోతుంది. ఓ మూల నాణెమంత చోట పరీక్షించాలి, అదీ బొమ్మలోని ఒక్కో రంగు మీద విడిగా, ఎందుకంటే నీలం ఆగినచోట ఎరుపు కరగొచ్చు. ముందు నీళ్లు, తర్వాత క్షారం లేని సబ్బునీళ్లు, తర్వాత మినరల్ టర్పెంటైన్, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అసిటోన్, జైలీన్ అక్రిలిక్ బొమ్మ దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది. పుల్లకు చుట్టిన దూదిని గీత మీద దొర్లించాలి, రుద్దకూడదు. ప్రతి దొర్లింపుకూ దూదిని చూడాలి. గీత రంగు తప్ప ఇంకో రంగు అంటిందంటే అక్కడితో ఆపేయాలి. ద్రావకం కారిపోకుండా, ఆరిపోకుండా జెల్‌గా చేసి కొన్ని నిమిషాలు ఉంచితే తక్కువ మోతాదుతో పని అవుతుంది. చివరికి సన్నని నీడలాంటి మరక మిగిలితే మిగలనివ్వండి. దాని మీద తర్వాత తీసేయగలిగే రంగుతో చిన్న సవరణ చేస్తే చాలు. ప్రెషర్ వాషర్, ఇసుక బ్లాస్టింగ్ వద్దే వద్దు. నీరు పగుళ్లలోంచి ప్లాస్టరింగ్ వెనక్కి చేరి పలకలు పలకలుగా ఊడదీస్తుంది.

అసలు చిక్కు కాంట్రాక్టులో ఉంది. చదరపు మీటరుకు ఇంత అని బిల్లు కట్టే పద్ధతిలో దూది దొర్లించేవాడికి నష్టం, రోలర్ లాగేవాడికి లాభం. అందుకే నగరపాలక సంస్థలు కుడ్యచిత్రాల జాబితా ఒకటి పెట్టి, శుభ్రపరిచే కాంట్రాక్టుకు దాన్ని జతచేయాలి. జాబితాలోని గోడల మీద రంగు కొట్టడం నిషేధమని, గంటల లెక్కన కూలి అని అందులో రాయాలి. గోడ పక్కనే చిన్న పలక మీద చిత్రకారుల పేరు, వేసిన ఏడాది, వాడిన రంగు రకం, పైన ఉన్న పూత, ఫోన్ చేయాల్సిన నంబరు ఉండాలి. రంగుల కంపెనీ కోడ్లు ఆఫీసులో భద్రపరచాలి. బొమ్మ వేయించే ఖర్చులో కనీసం పదో వంతు మరమ్మతులకు విడిగా తీసిపెట్టాలని మా అభిప్రాయం.

గీసేవాళ్లను పక్కన పెట్టడం కన్నా పనిలోకి తీసుకోవడమే తెలివని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 1984లోనే చూపించింది. గ్రాఫిటీని అరికట్టడానికి పెట్టిన కార్యక్రమంలో చిత్రకారిణి జేన్ గోల్డెన్ వాళ్ల చేతే గోడబొమ్మలు వేయించారు. తర్వాత అదే నగర కుడ్యచిత్ర సంస్థగా ఎదిగింది. అక్కడ ఐదడుగుల గుడ్డ ముక్కల మీద బొమ్మ వేసి అక్రిలిక్ జెల్‌తో గోడకు అతికించే పద్ధతి కూడా ఉంది. పరంజా ఎక్కలేని ముసలివాళ్లు, పిల్లలు కూడా చెయ్యి వేయొచ్చు.

గోడ పడగొట్టక తప్పనప్పుడు 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ప్రతి ఊళ్లోనూ పెట్టుకోవచ్చు. ఆ గడువులో చిత్రకారులు పూర్తి కొలతల ఫొటోలు తీసుకుంటారు, చెక్క పలకల మీద ఉన్నవాటిని విప్పి తీసుకెళ్తారు, మిగతావాటికి రంగుల నమూనాలు సేకరిస్తారు. ఈ నోటీసు కళాకారుడి చిరునామాకే కాక గోడ మీద కూడా అంటించాలి, ఎందుకంటే పదేళ్ల తర్వాత చిరునామాలు మారిపోయి ఉంటాయి, ఆ వీధి జనం మాత్రం అక్కడే ఉంటారు.

భవదీయులు,
కుడ్యచిత్రాల పరిరక్షణ పనివారు