కిటికీ ఉందని అమ్మిన గదిలో పరదా వెనక గోడ: వాపసు కోరుతూ ఫిర్యాదు

గుంటూరు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
ఆన్‌లైన్ హోటల్ బుకింగ్ సంస్థ, హైదరాబాద్.

విషయం: ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా నగరం మలాతే ప్రాంతంలో మీ యాప్ ద్వారా తీసుకున్న హోటల్ గది గురించి తప్పుడు వివరాలు, అదనపు వసూళ్లు.

అయ్యా,

మా అమ్మాయి మనీలాకు దక్షిణాన లాస్ పిన్యాస్‌లో వైద్యవిద్య చదువుతోంది. తనను చూసి, పనిలో పనిగా ఊరు కూడా చూసి వద్దామని గత నెలలో నేనూ నా భార్యా వెళ్లాం. హాస్టల్లో తల్లిదండ్రులను ఉండనివ్వరు. అందుకని ముగ్గురం కలిసి ఉండేటట్టు మీ యాప్‌లో మలాతేలోని ఒక చవక హోటల్లో గది తీసుకున్నాం. ఇంట్రామురోస్ కోట, రిజాల్ పార్కు, సముద్రపు ఒడ్డు అన్నీ దగ్గరని ఆ పేట ఎంచుకున్నాం. ఆ మాట నిజమే, దూరాల విషయంలో మీ పేజీని తప్పు పట్టడానికి లేదు. మీ యాప్ తెలుగులో ఉంది, గది వివరాలు నేను తెలుగులోనే చదివాను కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే పంపుతున్నాను.

నేను కొన్నది చవక గది. గది ఇరుకు, తువ్వాళ్లు పలచన, లిఫ్టు ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. వీటిలో ఒక్కటి కూడా నా ఫిర్యాదు కాదు. ఆ డబ్బుకు అంతే వస్తుంది. పైగా స్నానాల గదిలో బకెట్టు, మగ్గు కనబడేసరికి మా ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది. ఆ దేశంలో కూడా మనలాగే మగ్గు లేనిదే స్నానాల గది ఉండదని అమ్మాయి చెప్పింది. నేను అడుగుతున్నది మీ పేజీలో రాసి ఉండి అక్కడ లేని వాటి గురించి, మీ పేజీలో రాయకుండా అక్కడ నా చేత కట్టించిన వాటి గురించి.

మొదటిది కిటికీ. గది వివరాల్లో ‘కిటికీ ఉంది, నగర దృశ్యం’ అని స్పష్టంగా ఉంది. పక్కనే మనీలా అఖాతం మీద సూర్యుడు అస్తమిస్తున్న ఫొటో. మేము విమానాశ్రయం నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి హోటల్‌కు చేరేసరికి చీకటి పడింది. గదిలో నేల దాకా వేలాడే మంచి పరదా ఉంది. తెల్లవారి వెలుతురు రానిద్దామని దాన్ని పక్కకు లాగితే వెనక గోడ. ఒకప్పుడు కిటికీ ఉండి మూసేసిన జాడ కూడా లేదు, ఆ గోడకు ఎన్నడూ కిటికీ పెట్టలేదు. అయినా దానికి కొలతలు తీసి పరదా కుట్టించిన మనిషిని తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను.

మనీలా చవక హోటళ్లలో కిటికీ లేని గదులు కొత్త సంగతి కాదు. ఆ మాట ముందే చెప్పి, ధర తగ్గించి ఇస్తారు. మేము దిగిన హోటల్ కూడా అలాగే ఇస్తుంది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఓపికగా కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించింది: వాళ్ల దగ్గర కిటికీ ఉన్న గదులది ఒక తరగతి, లేనివాటిది మరొకటి, మీ సంస్థ నుంచి నా పేరు మీద వచ్చింది రెండో తరగతి బుకింగ్. ఆ తెర ఫొటో జత చేశాను. కిటికీ లేని గది అని చెప్పే హోటల్ మీకు ఇచ్చింది. అది మీ యాప్‌లోకి వచ్చేసరికి దానికి కిటికీ మొలిచింది. ఎక్కడ మొలిచిందో మీరే వెతకాలి.

వెలుతురు రాలేదని ఇంత రాద్ధాంతమా అని మీకు అనిపించవచ్చు. 2001 ఆగస్టులో మెట్రో మనీలాలోనే, క్వెజోన్ సిటీలోని మేనర్ హోటల్లో మంటలు లేచి 70 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు బిగించి ఉండటంతో లోపల చిక్కుకున్నవాళ్లు బయటపడలేకపోయారు. ఊచలున్న కిటికీల వల్లనే అంత ఘోరం జరిగితే, అసలు కిటికీయే లేని గదిలో, పొగ వస్తే తల బయట పెట్టే సందు కూడా లేనిచోట, పెళ్లాం బిడ్డలతో పడుకున్నవాడికి నిద్ర ఎలా పడుతుంది? తలుపు వెనక అతికించిన పటం చూసుకుంటూ అత్యవసర మెట్ల దాకా నడిచి వెళ్లాను. మలుపులో పాత పరుపులు పేర్చి ఉన్నాయి. రిసెప్షన్‌లో చెబితే ఆ పూటే తీయించారు. కిటికీ మాత్రం వాళ్లు తెప్పించలేరు కదా. కిటికీ ఉన్న గదులన్నీ అప్పటికే నిండిపోయాయి.

నచ్చకపోతే ఆ రోజే వేరే హోటల్‌కు వెళ్లవలసిందని మీ ప్రతినిధి ఫోనులో సలహా ఇచ్చారు. కట్టిన డబ్బు వెనక్కి రాదన్న షరతు మీదే. పైగా భారతీయ పర్యాటకులకు ఫిలిప్పీన్స్ 2025 జూన్ నుంచి 14 రోజుల దాకా వీసా లేకుండా ప్రవేశం ఇస్తున్నది ఊరికే కాదు, బస ఎక్కడో రుజువు చూపాలి, తిరుగు టికెట్టు చూపాలి. విమానం ఎక్కకముందే ఆన్‌లైన్‌లో నింపిన ఈ-ట్రావెల్ పత్రంలో మేము ఈ హోటల్ చిరునామానే ఇచ్చాం. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర చూపింది మీరు పంపిన కాగితమే. ఇంకో దేశపు అధికారి ముందు పెట్టే కాగితం ఇస్తున్నప్పుడు అందులోని మాటకు కొంత బరువు ఉండాలని మీకు అనిపించదా?

ఆ కాగితంలోనే ‘ముగ్గురు పెద్దలు’ అని ఉంది. హోటల్‌కు చేరిన సమాచారంలో ఇద్దరే ఉన్నారు. మా అమ్మాయి లోపలికి రావాలంటే రాత్రికి 600 పెసోలు అదనంగా కట్టాలన్నారు. పెసో సుమారు రూపాయిన్నర, లెక్క మీరే వేసుకోండి. కన్న కూతురిని చూడటానికి సముద్రాలు దాటి వెళ్లి, ఆమెను అదనపు మనిషి కింద రశీదులో రాయించుకున్నాం. ఆ డబ్బుకు మంచం కూడా ఇవ్వలేదు, నేల మీద ఒక పరుపు వేశారు.

ఇక ధర. మీ యాప్‌లో వెతికినప్పుడు రాత్రికి 2,150 రూపాయలు. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి పన్నులు, ‘సౌకర్య రుసుము’ చేరి 2,640. సరే, కట్టాను. అదే పేజీలో అన్ని పన్నులూ కలిసి ఉన్నాయని, హోటల్లో ఇంకేమీ చెల్లించనక్కరలేదని రాసి ఉంది. హోటల్లో మళ్లీ 12 శాతం వ్యాట్, 10 శాతం సర్వీస్ చార్జి కట్టమన్నారు. మీరు వాళ్లకు పంపిన మొత్తంలో అవి లేవని వాళ్ల వాదన. వసూలైన సర్వీస్ చార్జి అంతా మేనేజర్లకు కాకుండా కింది ఉద్యోగులకే పంచాలని ఆ దేశం 2019లో చట్టం చేసింది. గది ఊడ్చే మనిషికి చేరే పది శాతానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది నా దగ్గర తీసుకుని ఆమెకు చేరనివ్వనిది ఎవరన్నదే నా ప్రశ్న. నా రశీదులో ‘హోటల్ పన్నులు, సేవా రుసుములు’ అని మీరు తీసుకున్న మొత్తం ఎవరి ఖాతాకు వెళ్లిందో వివరంగా రాసి పంపండి.

గదిలోకి వెళ్లేముందు వెయ్యి పెసోలు నగదు డిపాజిట్ అడిగారు. అక్కడ అది మామూలేనట, కానీ మీ పేజీలో ఆ ఊసే లేదు. చేతిలో పెసోలు లేక, విమానాశ్రయంలో మార్చుకున్న కొద్దిపాటి డబ్బు అక్కడే పెట్టేసి, ఆ రాత్రి భోజనానికి ఏటీఎం వెతుక్కుంటూ తిరిగాం. ఖాళీ చేసే రోజున దిండు గలీబుకు కొబ్బరినూనె మరక ఉందని అందులో 300 తగ్గించి ఇచ్చారు. కొబ్బరినూనె ఎగుమతిలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉండే దేశంలో ఆ నూనె మరకకు జరిమానా కట్టిన ఘనత మా ఆవిడకు దక్కింది. ఆ 300 మిమ్మల్ని అడగడం లేదు. డిపాజిట్ సంగతి ముందే చెప్పనందుకు మాత్రం అడుగుతున్నాను.

అల్పాహారం దగ్గర మీ పేజీ ఆకుపచ్చ గుర్తు పెట్టి ‘శాకాహారం లభిస్తుంది’ అంది. అక్కడ రోజూ ఉన్నది వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, గుడ్డు, పక్కన పంది మాంసంతో చేసిన లోంగనీసా లేదా తోసీనో. వాళ్ల ఇష్టమైన ఉదయపు తిండి అదే, అందులో తప్పేమీ లేదు. నా భార్య గుడ్డు కూడా ముట్టదు. వడ్డించే పెద్దావిడ సంగతి కనిపెట్టి, తమ కోసం ఉడకబెట్టుకున్న సబా అరటిపళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె దయను మీ పేజీలోని సదుపాయాల కింద లెక్క వేయకండి. ‘ప్రశాంతమైన వీధి’ అన్న మాట గురించి ఎక్కువ రాయను. కింది అంతస్తులో కరావోకే బార్ ఉంది. వెలుతురు రాని గదిలోకి పాటలు మాత్రం తెల్లవారుజాము దాకా వచ్చాయి.

ఇవన్నీ అక్కడి నుంచే మీకు చెప్పాలని చూశాను. మీ కాల్ సెంటర్ రాత్రి తొమ్మిదికి మూస్తారు. మనీలా మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే అక్కడ పదకొండున్నర దాకా దొరకాలి. దొరికినప్పుడల్లా ‘హోటల్‌ను సంప్రదించండి’ అన్నారు. హోటల్ వాళ్లు ‘బుక్ చేసిన సంస్థను అడగండి’ అన్నారు. చివరికి 500 రూపాయల కూపన్ పంపారు, అదీ మళ్లీ మీ దగ్గరే గది తీసుకుంటే చెల్లేది. ఇంటికి వచ్చాక గోడ ఫొటో పెట్టి మీ పేజీలో నా అభిప్రాయం రాస్తే, మార్గదర్శకాలకు విరుద్ధమని ప్రచురించలేదు. సూర్యాస్తమయం ఫొటో మాత్రం ఈ లేఖ రాస్తున్న రోజున కూడా అలాగే ఉంది. ఈ లేఖకు అసలు కారణం అదే. మన రెండు రాష్ట్రాల నుంచి ఎందరో పిల్లలు మనీలాలో, దావావ్‌లో వైద్యం చదువుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు మాలాగే లెక్కలు చూసుకుని చవక గదులే వెతుకుతారు, మీ తెలుగు పేజీనే నమ్ముతారు.

‘మేము మధ్యవర్తులం మాత్రమే’ అని మీ చివరి ఈమెయిల్‌లో ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు మధ్యవర్తి వేదికలకు కూడా వర్తిస్తాయి. అమ్మే సేవ వర్ణన, ఫొటోలు అసలుతో సరిపోలతాయని అమ్మకందారు నుంచి హామీ తీసుకోవలసింది మీరు. ఇక్కడ హోటల్ తన గది తరగతిని సరిగానే చెప్పిందని ఆ తెర ఫొటో చూపుతోంది. మొదట తక్కువ ధర చూపి మెట్టు మెట్టుకూ పెంచే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చాయి. ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

కిటికీ ఉన్న గదికీ లేని గదికీ ఆ హోటల్ ధరల పట్టిక ప్రకారం రోజుకు 450 పెసోల తేడా ఉంది. మేమున్న అన్ని రాత్రులకూ ఆ తేడా, మా అమ్మాయి పేరున కట్టిన మొత్తం, రెండోసారి కట్టిన వ్యాట్, సర్వీస్ చార్జి నాకు తిరిగి రావాలి. మీ పేజీలో ఆ గదికి కిటికీ లేదని రాయండి, డిపాజిట్ సంగతి చేర్చండి, శాకాహారం గుర్తు తీసేయండి, నా అభిప్రాయాన్ని ఫొటోతో సహా ప్రచురించండి. వీటిలో పేజీ సవరణ ముందు జరగాలి, డబ్బు ఒక వారం ఆలస్యమైనా ఓర్చుకుంటాను.

నెల లోపు ఇది తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడు తాను నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. నాకు హైదరాబాద్ రావలసిన పని ఉండదు. గుంటూరు రావలసిన పని మీకు పడుతుంది.

డబ్బును నేను చెల్లించిన బ్యాంకు ఖాతాకే జమ చేయండి. మరో కూపన్ మాత్రం పంపకండి.

ఇట్లు,
మీ ఖాతాదారు
(సంతకం)

జత చేసినవి: బుకింగ్ కాగితం, చెల్లింపు రశీదు, మీ పేజీలోని గది వివరాల ఫొటో, పరదా వెనక గోడ ఫొటో, రిసెప్షన్ కంప్యూటర్ తెర ఫొటో, హోటల్ ధరల పట్టిక ఫొటో, అదనపు మనిషి రశీదు, వ్యాట్, సర్వీస్ చార్జి బిల్లు, మీ సంస్థతో జరిగిన ఈమెయిళ్లు.