రెండక్షరాల 'అని'

మాచర్ల,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనుగా,

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం పడుతోంది. పరీక్ష పేపర్లు దిద్దడం నిన్నటితో అయిపోయింది. ఇవాళ ఇంట్లోవాళ్లంతా నరసరావుపేటలో పెళ్లికి వెళ్లారు. టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాను. ఇది పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువుకో.

నువ్వడిగిన ప్రశ్న నన్ను వదల్లేదురా. "ఇక్కడ ఇంగ్లండులో, మా లెస్టర్‌లో మతాల గురించి చెప్పడానికి విడిగా సబ్జెక్టే ఉంది. 1944 చట్టం నుంచీ అది తప్పనిసరి. పదహారేళ్ల పిల్లలు అందులో పరీక్ష రాయాలంటే కనీసం రెండు మతాలు చదవాలి. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ క్లాసుకి పంపకుండా ఉండొచ్చు. మరి మీకు ఆ సబ్జెక్టే లేదు కదా, నువ్వెలా చెబుతున్నావ్?" అని రాశావు.

సబ్జెక్టు లేదు, నిజమే. ప్రభుత్వ డబ్బుతో పూర్తిగా నడిచే బడిలో మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో రాసి ఉంది. అది మంచి నియమమని నా గట్టి నమ్మకం. కానీ మతబోధ వేరు, మతాల గురించి చెప్పడం వేరు. 2002లో సుప్రీంకోర్టు కూడా ఆ తేడానే చెప్పింది. చరిత్ర చెబుతూ మతాన్ని పక్కన పెడితే ఇంకేం మిగుల్తుంది? అశోకుడు పోతాడు, కాకతీయుల గుళ్లు పోతాయి, ఏడో తరగతిలో భక్తి–సూఫీ పాఠం మొత్తం పోతుంది. కాబట్టి మాకు ఆ సబ్జెక్టు సాంఘికం పుస్తకంలోనే ఉంది. పేరు లేదు, పీరియడ్ లేదు, అంతే.

మనం చదువుకున్నప్పుడు ఎలా ఉండేదో గుర్తుందా? అష్టాంగ మార్గం, ఎనిమిది పాయింట్లు. జైనం క్షీణించడానికి కారణాలు, ఐదు పాయింట్లు. నువ్వు పాయింట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ బట్టీ పట్టేవాడివి. ఎనిమిదీ రాశాం, మార్కులు వచ్చాయి. ఆ ఎనిమిదిలో ఒక్కటైనా పాటించిన మనిషి మనకి తెలుసా, మన పల్నాట్లో ఎప్పుడైనా ఉన్నాడా అని ఎవరూ అడగలేదు. ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే కృష్ణ ఒడ్డున బౌద్ధ భిక్షువులు వందల ఏళ్లు బతికారని నాకు తెలిసింది బీఈడీ అయ్యాక. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు నేను నేర్చుకున్న అసలు సంగతి చెబుతాను. పోయినేడు తొమ్మిదో తరగతిలో జరిగింది.

మతాల గురించి చెప్పేటప్పుడు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. తెలుగులో మనకి 'అని' ఉంది కదరా, రెండక్షరాలు. "ఏసు మూడో రోజు లేచాడని క్రైస్తవులు నమ్ముతారు." "ఖురాన్ దేవుడి వాక్కు అని ముస్లింలు నమ్ముతారు." ఆ 'అని' చేరగానే వాక్యం బరువు నా మీద నుంచి నమ్మేవాళ్ల మీదికి వెళ్తుంది. నేను ఒప్పుకోవడమూ లేదు, కాదనడమూ లేదు. ఇన్నాళ్లూ బాగానే చేస్తున్నాననుకున్నాను. ఒకరోజు సముద్ర వర్తకం గురించి చెబుతూ రామేశ్వరం దగ్గరికి వచ్చి, "రాముడు వారధి కట్టిన చోటు ఇదే" అనేసి ముందుకెళ్లిపోయాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"సార్, మా ఏసుకి 'అని' పెట్టారు. రాముడికి పెట్టలేదు."

కోపంగా అనలేదురా. లెక్కలో ఒక అంకె తప్పిందని చెప్పినట్టు చెప్పింది. క్లాసంతా నావైపే చూస్తోంది. నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. "నువ్వు చెప్పింది కరెక్టమ్మా, నాదే తప్పు" అని బోర్డు మీద ఆ వాక్యాన్ని 'అని'తో మళ్లీ రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో విన్నవన్నీ 'అని' లేకుండా నాలో ఉన్నాయి. పక్కింటివాళ్లవి మాత్రం 'అని'తో ఉన్నాయి. ఆ తేడా నాకు కనిపించలేదు, ఆ పిల్లకి కనిపించింది. ఎన్నేళ్లుగా ఎంతమంది పిల్లలు ఆ తేడా గమనించి, పైకి అనకుండా కూర్చున్నారో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అప్పటి నుంచి క్లాసులో కాపలా పిల్లలకే ఇచ్చాను. నేను ఎక్కడ 'అని' మర్చిపోయినా చెయ్యెత్తాలి. మొదటి వారం చేతులు లేస్తూనే ఉన్నాయి. ఇప్పుడు బాగా తగ్గాయి.

కొన్ని వారాలకి ఒక నాన్నగారు బడికి వచ్చారు. "మా దేవుడు ఉన్నాడని నమ్ముతారు అని చెబుతున్నారంట. అంటే లేడనా మీ ఉద్దేశం?" అని గట్టిగానే అడిగారు. హెడ్మాస్టరు గారి గది బయట నిలబడి మాట్లాడాం. నేను వాదించలేదు. ఆయన బాధలో న్యాయం ఉంది. 'నమ్మకం' అనే మాటని మనం 'నిజం కాదు' అనే అర్థంలో వాడటం అలవాటు చేసుకున్నాం కదా. "అయ్యా, దేవుడు ఉన్నాడని బాబుకి చెప్పే హక్కు మీది, ఇంట్లో చెప్పండి. ఉన్నాడనో లేడనో చెప్పే హక్కు నాకు లేదు. జనం ఏం నమ్మారో, ఆ నమ్మకంతో ఏం చేశారో, అది మనకెలా తెలిసిందో, ఆ మూడూ చెప్పడమే నా పని" అన్నాను. వీలైతే ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చోమన్నాను. నిజంగానే వచ్చి కూర్చున్నారు. వెళ్లేటప్పుడు ఏమీ అనలేదు, తల ఊపి వెళ్లారు. ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. పిల్లాడు మాత్రం రోజూ వస్తున్నాడు.

ఆయన కూర్చున్నరోజు చెప్పిన పాఠమే నీకు రాయాలని ఇంత తొందర. చాంతిసిరి శాసనం.

మన నాగార్జునకొండ లోయ సంగతి నీకు తెలిసిందే. 1926లో బయటపడింది, 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాముకి పునాదిరాయి వేశారు. లోయ మునిగేలోపు తవ్వాల్సిందంతా తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండమీదికీ కొన్నిటిని ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు. ఇక్ష్వాకులు మూడో శతాబ్దంలో ఆ లోయ నుంచే ఏలారు. శాంతమూలుడు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల శాంతమూలుడు. ఇదంతా పుస్తకంలో నాలుగు లైన్లు. పిల్లలకి ఆ నాలుగు లైన్లతో ఏమొస్తుంది చెప్పు?

అందుకని ప్రాకృత శాసనంలోంచి ఒక ముక్క తెలుగు లిపిలో బోర్డు మీద రాశాను: "అగిహోతాగిఠోమ వాజపేయాసమేధ యాజిస". అర్థం చెప్పలేదు. విడదీయండర్రా అన్నాను. ముందు నవ్వారు. తర్వాత ఒకడు "అగిహోత అంటే అగ్నిహోత్రమా సార్?" అన్నాడు. ఇంకొకడు 'అసమేధ' పట్టుకున్నాడు, అశ్వమేధం. ఇంకో ముక్క రాశాను, "గోసతసహస హలసతసహస". వెనక బెంచీలో వ్యవసాయం చేసే ఇంటి పిల్లాడు "హలం అంటే నాగలి సార్, లక్ష నాగళ్లా?" అని అరిచాడు. పదిహేను నిమిషాల్లో పదిహేడు వందల ఏళ్ల నాటి భాషని పిల్లలు తామే చదివేశారురా. నా ఒళ్లు జలదరించింది.

అప్పుడు అడిగాను, ఇన్ని యజ్ఞాలు చేసిన రాజు ఎవరు? శాంతమూలుడు, మహాసేనుడి భక్తుడు. మహాసేనుడంటే కుమారస్వామి. మరి ఈ మాటలు ఏ రాతి మీద ఉన్నాయి? బుద్ధుడి మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, దగ్గర నిలబెట్టిన ఆయక స్తంభాల (స్తూపానికి నాలుగు వైపులా ఉండే రాతి స్తంభాలు) మీద. వాటిని నిలబెట్టింది ఎవరు? రాజు తోబుట్టువు చాంతిసిరి. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యం పని పూర్తి చేయించింది. ఆ రాజు ఆమెకి మేనల్లుడు. శాసనంలో ఆమె తనని 'పితుచ్ఛ' అని చెప్పుకుంది. పిల్లలు దాన్నీ విప్పారు. "మేనత్త సార్!"

బుద్ధుడి స్తూపం కట్టిస్తూ, ఆ స్తంభం మీదే తన తోబుట్టువు అశ్వమేధం చేశాడని గర్వంగా రాయించింది. నేను ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోతాను.

వీరపురుషదత్తుడు మేనత్త హమ్మసిరి కూతుళ్లని పెళ్లాడాడు. వంశవృక్షం బోర్డు మీద గీయగానే "మేనరికం!" అని అమ్మాయిలు గుసగుసలు మొదలుపెట్టారు. రాజులంటే ఎక్కడో పైలోకంలో వాళ్లు అనుకునే పిల్లలకి, వాళ్లింట్లో కూడా మేనత్తలూ మేనరికాలూ ఉన్నాయని తెలియగానే మొహాలు మారిపోయాయి.

ఒకడు అడిగాడు, "సార్, రాజు యజ్ఞాలు చేస్తాడు, ఆమె బుద్ధుడికి మొక్కుద్ది, మరి ఇంట్లో గొడవ అవదా?" నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఈలోపు ఆ 'అని' పిల్లే అంది: "మా ఇంట్లో నాన్నమ్మ గుడికెళ్లుద్ది, అమ్మ చర్చికెళ్లుద్ది. గొడవేం అవదు. ఆదివారం నాన్నమ్మే వండుద్ది, అమ్మ వచ్చేసరికి ఆలస్యమవుద్దని."

దానికి మించి నేను చెప్పగలిగింది ఏముంటుందిరా? అయినా ఒక మాట చెప్పాల్సి వచ్చింది, చెప్పాను. ప్రతి ఇల్లూ అలా ఉండేదనీ ఎప్పుడూ అలాగే ఉందనీ ఈ ఒక్క శాసనం చూపించి అనలేం. ఈ ఒక్క ఇంట్లో, ఈ ఒక్క స్తంభం మీద ఇలా ఉంది, మనకి తెలిసింది అంతవరకే. 'హిందువు' అనే మాట కూడా ఆ రాతి మీద లేదని, అది మనం తర్వాత పెట్టే పేరని చెప్పాను. అప్పుడే ఒకడు చెయ్యెత్తాడు: "సార్, లక్ష నాగళ్లు ఇచ్చాడని రాశారు కదా. లెక్కపెట్టిందెవరు?" చూశావా, 'అని' దేవుళ్ల దగ్గర ఆగలేదు, రాజుల దాకా వెళ్లింది. రాతి మీద ఉన్నంత మాత్రాన నిజమైపోదు, రాయించినవాళ్లు ఎవరో ఎందుకో చూడాలి అని నేను వేరే పాఠంగా చెప్పనక్కర్లేకపోయింది.

బోధిసిరి శాసనం అట్లాసుతో చేయించాను. ఆమె రాణి కాదు, మామూలు ఉపాసిక, అంటే ఇంట్లోనే ఉంటూ బుద్ధుణ్ని కొలిచే మనిషి. తను కట్టించిన చైత్యగృహం (బౌద్ధుల పూజా మందిరం) ఎవరికోసమో చెబుతూ, సింహళ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాలు వరసగా రాయించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, ఇంకా ఉన్నాయి. పిల్లలు ఒక్కో చోట చుక్క పెట్టుకుంటూ పోయారు. చివరికి మన మాచర్ల పక్క నుంచి చైనా దాకా చుక్కలే.

డిసెంబర్లో వాళ్లని కొండకి తీసుకెళ్లాను. విజయపురి సౌత్ నుంచి లాంచీలో ముప్పావు గంట. నీళ్ల కింద ఊళ్లున్నాయంటే ఒక్కరూ గొడవ చేయలేదు, వంగి చూస్తూ కూర్చున్నారు. మళ్లీ కట్టిన ఒక స్తూపం పునాదిలో ఇటుకలు స్వస్తిక్ ఆకారంలో ఉంటాయి. దాని దగ్గర అందరూ ఆగిపోయారు. "ఇది మా గడప మీద వేసేదే కదా సార్" అని ఒకతి, "బౌద్ధులదా మనదా?" అని ఇంకొకడు. ముందు ఎవరిదో కనుక్కోవడం కన్నా, ఎవరెవరు వాడారో రాసుకోండి అన్నాను. నోటు పుస్తకాలు తీశారు.

పదో తరగతిలో ఇంత తీరిక ఉండదు. పబ్లిక్ పరీక్ష టెన్షన్ సంక్రాంతి తర్వాత మొదలైతే ఇక మోడల్ పేపర్లే. అందుకే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఇవన్నీ చేసేస్తాను. వచ్చే వారం ఏడో తరగతికి భక్తి–సూఫీ. మా బడి పక్కనే పీర్ల చావిడి ఉంది. దూదేకుల ఇంటి పిల్లాడొకడు పీర్ల పండగలో వాళ్ల తాత ఏం చేస్తాడో తనే చెబుతానన్నాడు. ముందే వాళ్ల తాతని కలిసి అడిగొచ్చాను, ఒప్పుకున్నాడు. పిల్లాణ్ని వాళ్ల మతానికి ప్రతినిధిగా నిలబెట్టకూడదని నువ్వొకసారి అన్నావు కదా, అది గుర్తుపెట్టుకున్నాను. తనకి తానై చెబితేనే, తనింటి సంగతి మాత్రమే.

ఇప్పుడు నీకొక పని. లండన్ ఎప్పుడు వెళ్తావు? బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి రాళ్లున్నాయి. 1845లో ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి, 1859లో ఓడెక్కాయి. అందులో ఒక పలకకి రెండు వైపులా చెక్కడం ఉంది. పాతవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుడు ఉండడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి వెనకవైపు స్తూపం చెక్కారు. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి పిల్లలు "ఆ ఖాళీ కుర్చీ చూపించండి సార్" అని వెంటపడుతున్నారు. పుస్తకాల్లో బొమ్మ ఉందిగానీ, మన మనిషి ఆ రాయి పక్కన నిలబడి తీసిన ఫోటో కావాలంట. రెండు వైపులా కనిపిస్తే రెండూ తీయి. పక్కన నువ్వు కూడా ఉండు, రాయి ఎంత పెద్దదో వాళ్లకి తెలియాలి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పాపకి తెలుగు రాయడం నేర్పుతున్నావా? ఈసారి ఉత్తరంలో తనతో రెండు లైన్లు రాయించు, మా పిల్లలకి చదివి వినిపిస్తాను.

ఉంటానురా.

నీ
బెంచీ మిత్రుడు