వారం శిక్షణకు కత్తెర లొంగదు

సంపాదకుడి గారికి,

నమస్కారం. మేం దేవరకొండలో సెలూన్ పనివాళ్లం. డిండి, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల రిజర్వాయర్ల కింద ఊళ్లు, తండాలు పోయిన కుటుంబాల పిల్లలు కొందరు కటింగ్ పని వైపు చూస్తున్నారు. దేశం దాటి వచ్చినవాళ్లను కాందిశీకులంటాం, వీళ్లను కాగితాల్లో నిర్వాసితులని రాస్తారు. ఏ పేరుతో పిలిచినా ఊరితో పాటు తెలిసిన పని కూడా పోయిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలే వీళ్లు. సెలూన్‌కు భూమి అక్కర్లేదు, పెద్ద చదువు అక్కర్లేదు, పదడుగుల గది చాలన్నది వాళ్ల ఆలోచన. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ పని వారంలో వచ్చేస్తుందని వాళ్లూ అనుకుంటున్నారు, వాళ్లకు దారి చూపాల్సిన అధికారులూ అనుకుంటున్నారు.

చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబర్ 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో మా మంగలి పనీ ఒకటి. మొదటి దఫా శిక్షణ 5 నుంచి 7 రోజులు, అంటే 40 గంటలు. రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 ఇస్తారు. ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాడికి ఇది మంచి పథకమే, అది పెట్టింది కూడా అతని కోసమే. కత్తెర పట్టుకోవడమే తెలియని పిల్లవాణ్ని మాత్రం ఈ 40 గంటలు ఎక్కడికీ చేర్చవు.

మొదటి పదిహేను రోజులు కత్తెర పట్టు కుదరడానికే పోతాయి. ఉంగరపు వేలు ఉన్న వైపు అలుగు (కత్తెర రెక్క) కదలకుండా నిలవాలి, బొటనవేలి వైపు అలుగు ఒక్కటే ఆడాలి. కొత్తవాళ్లు రెండింటినీ ఆడిస్తారు. అప్పుడు వెంట్రుక తెగదు, అలుగుల మధ్య మడతపడి లాగుతుంది, కుర్చీలో ఉన్నవాడు ఉలిక్కిపడతాడు. అందుకే ముందు ఖాళీ దువ్వెన మీద రోజుకు అరగంట ఆడించాలి. ఆ కత్తెరతో ఒక్కసారి కాగితం కత్తిరించినా పదును పోతుంది. ఈ చిన్న మాట చెప్పేవాడు లేకనే కొత్త కత్తెర నెల తిరక్కుండా సానకు పోతుంది.

తర్వాత మెషిన్. దానికి ముందు తగిలించే దువ్వెనను గార్డు అంటాం. 1వ నంబర్ గార్డు పెడితే వెంట్రుక 3 మిల్లీమీటర్లు మిగులుతుంది, 2కు 6, 3కు 10, 4కు 13. చేయి తిరిగినవాడు ఎటునుంచైనా మొదలుపెట్టొచ్చు గానీ కొత్తవాడు 4తో తీసి ఒక్కో మెట్టూ కిందికి దిగాలి. తీసేసింది మళ్లీ అతకదు కదా. కింద బోడిగా మొదలై పైకి పోయేకొద్దీ మెల్లగా పొడుగయ్యే ఫేడ్ కటింగ్ వద్దనే కుర్రాడు ఇప్పుడు కొండమల్లేపల్లిలో కూడా లేడు, నేర్చుకునేవాడి పరువు పోయేదీ అక్కడే. కింద గార్డు లేకుండా తీసినచోట ఒక గీత పడుతుంది. మెషిన్‌ను తల వంపు వెంట బయటికి ఎత్తుతూ తీస్తే ఆ గీత కరిగిపోతుంది. నిలువుగా నెట్టుకుంటూ పోతే గీత పైకి జరుగుతుంది. దాన్ని చెరపబోయి అదే నంబర్‌తో ఇంకాస్త పైకి పోతాడు, అది మరో గీతవుతుంది. చివరికి చెవి పైనంతా బోడి. మెషిన్ పక్కనున్న లివర్‌ను సగం తెరిచి, బ్లేడు మూలతో గీత మీద మాత్రమే తాకిస్తే పోయేదానికి ఇంత రభస. వెలుతురు కూడా ముంచుతుంది. నెత్తి మీద ఒక్క ట్యూబ్‌లైటే ఉంటే దాని నీడే గీతలా కనిపిస్తుంది. అద్దానికి రెండు పక్కలా లైట్లుండాలి.

మన పల్లె తలలకు ఇంకో సంగతి ఉంది, నూనె. కొబ్బరినూనె పట్టించుకొచ్చిన తల మీద మెషిన్ పెడితే వెంట్రుకలు ముద్దై బ్లేడులో ఇరుక్కుంటాయి, బ్లేడు కాలుతుంది. ముందు షాంపూతో కడగాలి, లేదంటే పౌడర్ చల్లి దువ్వాలి. మెషిన్‌కు మాత్రం నాలుగు తలలకోసారి రెండు చుక్కల నూనె వేయాలి. ఇక నడినెత్తిన సుడి. అక్కడ అంగుళం కంటే పొట్టిగా కత్తిరిస్తే వెంట్రుకలు ముళ్లలా నిలబడతాయి. తడి జుట్టు సాగి పొడుగ్గా కనిపిస్తుంది. అదే కొలత అనుకుని కోస్తే ఆరాక పైకి లేచి పొట్టిదవుతుంది. ఇవన్నీ చెబితే వచ్చేవి కావు. మా అంచనాలో కనీసం మూడు వందల తలలు చూస్తే గానీ చేతికి ధైర్యం రాదు.

గడ్డం నాలుగో నెలకు ముందు ముట్టనివ్వకూడదు. బెలూన్ ఊది, దానికి నురగ పూసి, అది పగలకుండా రేజర్‌తో నురగ తీయడం నేర్పాలి. తర్వాత మనిషి. రెండు నిమిషాలు వేడి నీళ్ల తువ్వాలు, ఎడమ చేత్తో చర్మం బిగపట్టడం, రేజర్ సుమారు 30 డిగ్రీల వంపు, వెంట్రుక వాలిన దిక్కుకే గీయడం. మొటిమలున్న చెంప మీద ఎదురు గీతకు పోతే వెంట్రుక చర్మం లోపలికి తిరిగి గడ్డలవుతాయి. మా జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు బోరు నీళ్లకు సబ్బు సరిగా నురగదు, అక్కడ షేవింగ్ క్రీమే వాడాలి.

బ్లేడు గురించి గట్టిగా చెప్పాలి. కాగితంలో ఉండగానే మధ్యకు విరిచి ఒక మనిషికి ఒక సగం. ఆ సగం ఇంకొకరి ముఖానికి తగలకూడదు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించేంత రక్తం కూడా అక్కర్లేదు. బ్లేడు మార్చి, అందరి గడ్డాలకూ ఒకే పటిక రాయి రుద్దే షాపులున్నాయి. అలాంటప్పుడు బ్లేడు మార్చి ఏం లాభం? పటికను నీళ్లలో కరిగించి స్ప్రే చేస్తే సరిపోతుంది. ట్రిమ్మర్‌ను కూడా బ్రష్‌తో దులిపి 70 శాతం స్పిరిట్ కొట్టి ఆరనివ్వాలి. బ్లీచింగ్ నీళ్లలో ముంచితే ఇనుము తుప్పు పడుతుంది. రోజుకు పది తలలైతే పది తువ్వాళ్లు, ఉడకబెట్టి ఆరేసేందుకు ఇంకో పది. తామర ఈ తువ్వాళ్ల వల్ల కూడా పాకుతుంది. తల మసాజ్ పేరుతో మెడ పుటుక్కుమనిపించడం మాత్రం అసలే నేర్పొద్దు. మెదడుకు రక్తం పోయే ధమనులు అక్కడి నుంచే పోతాయి. గిరాకీలే అడుగుతారు, అడిగినా చేయకూడదు.

ఇవన్నీ కుదరడానికి పనిచేసే షాపులో, పని నేర్పే ఉస్తాద్ పక్కన, ఆరు నెలలు పడుతుంది. అన్ని నెలలు ఊరికే నిలబడటానికి నిర్వాసితుడి ఇంట్లో తిండి ఎక్కడిది? అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇప్పిద్దామంటే నలుగురికంటే తక్కువ మంది పనిచేసే షాపు దాని కిందికే రాదు. మన పట్టణాల్లో రెండు కుర్చీల షాపులే ఎక్కువ. అందుకే ఆ ఆరు నెలల భత్యం పునరావాస ప్యాకేజీ నుంచే రావాలని మా విన్నపం. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్ ఉద్యోగమో, 5 లక్షలో, నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లో ఇవ్వాలంటుంది. ఉద్యోగం ఇచ్చేచోట దానికి తగిన శిక్షణ కూడా ఇవ్వాలని అందులోనే ఉంది. ఆ శిక్షణ అనే మాటను సొంత పని పెట్టుకునేవాళ్లకూ వర్తింపజేస్తే సరి.

అదే షెడ్యూల్లో చేతివృత్తులవాళ్లకు, చిరువ్యాపారులకు 25,000కు తగ్గకుండా ఒకసారి సాయం ఇవ్వాలని ఉంది. భూమి లేకున్నా, మూడేళ్లుగా ఆ ఊళ్లో వృత్తి మీద బతుకుతున్న కుటుంబాన్ని కూడా చట్టం బాధిత కుటుంబమనే అంటుంది. ఏటా కల్లం దగ్గర వడ్లు కొలిపించుకుని ఊరి తలలన్నీ చూసే మంగలి కుటుంబానికి, ఆ ఇళ్లు తలో దిక్కు పోయాక మిగిలేదేమిటి? సర్వేకు వచ్చినవాళ్లు అతని ఇంటి గోడలు కొలుస్తారు, వంద గడపల గిరాకీని కొలవరు. ఉద్దండాపూర్ రిజర్వాయర్ అయినా, చర్లగూడెం రిజర్వాయర్ అయినా, ఇలాంటి కుటుంబం పేరు జాబితాలో ఉందో లేదో ఒకసారి చూడాలి.

ఇక నేర్చుకోవడానికి తలలు ఎక్కడ దొరుకుతాయంటే, ప్రభుత్వ వసతిగృహాల్లో. మగపిల్లలకు నెలనెలా కటింగ్ కావాల్సిందే. ఒక ఉస్తాద్ వెంట ముగ్గురు నేర్చుకునేవాళ్లను పంపితే ఒక్క ఆదివారం యాభై తలలవుతాయి. కత్తెర, మెషిన్ మాత్రమే వాడాలి, రేజర్ ముట్టకూడదు, చివరి సవరింపు ఉస్తాదే చేయాలి. అక్కడ పిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నారన్న మాట రాకుండా ఉండాలంటే ఈ షరతులు తప్పవు.

షాపు పెట్టే రోజు వచ్చాక చేసే తప్పు, చేతిలో ఉన్న డబ్బంతా లేచి దిగే కుర్చీ మీద పోసి, పనిముట్లు చవకవి కొనడం. 15,000లో ముందు కొనాల్సినవి ఒక మంచి మెషిన్, ఒక ట్రిమ్మర్, 6 అంగుళాల కత్తెర, జుట్టు పలచబరిచే 30 పళ్ల థిన్నింగ్ కత్తెర, డ్రయ్యర్. మొదట్లో మామూలు కుర్చీకి తల ఆనించే దిండు కట్టించుకున్నా గడుస్తుంది.

కరెంటు సంగతి. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్లు ఉచితం. మూడు ఫ్యాన్లు, ఆరు లైట్లు, డ్రయ్యర్, వేడినీళ్లు కలిపి రెండు కుర్చీల షాపుకు రోజుకు ఐదు యూనిట్లు, నెలకు 150 దాటదు. ఏసీ పెడితే మాత్రం 250 చాలకపోవచ్చు. తండా నుంచి వచ్చిన పిల్లవాడు షాపు పెడితే ఈ ఉచితం అతనికి రాదు. మా వృత్తి కోసం సాధించుకున్న పథకం అది, దాన్ని కదిలించమని మేం అడగం. నిర్వాసితుడికి పునరావాస పద్దు కింద రెండేళ్లు అంతే కరెంటు ఇవ్వొచ్చు. పీఎం విశ్వకర్మ దరఖాస్తును ముందుగా చూసేది గ్రామ పంచాయతీ. ఊరే ఖాళీ అయినచోట ఆ పని ఎవరు చేయాలో కూడా కలెక్టర్లు తేల్చి చెప్పాలి.

చివరగా ఒక మాట. దీని మీద మాట్లాడటానికి పనివాళ్లను సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి రమ్మంటే ఒక రోజు గిరాకీ పోతుంది. మంగళవారం సెలూన్లకు ఎలాగూ సెలవే. ఆ రోజు కుర్చీలు, అద్దాలు, ఉస్తాదులు అన్నీ ఖాళీ. సమావేశమైనా, శిక్షణ తరగతైనా మంగళవారం పెడితే చాలామందిమి వస్తాం.

ఇట్లు,
కొందరు సెలూన్ పనివాళ్లం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా