కొండ దారికి అడ్డం పడ్డ తుమ్మకంప

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరు చుట్టుపక్కల ఒక కొండ మీది పార్కుకు వెళ్లే దారిని ఊరివాళ్లు ఆపేశారని మీ జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. 'పర్యాటకులకు ఇక్కట్లు' అని హెడ్డింగు. ఇక్కట్లు అనే మాట మీ విలేకరులకు బాగా ఇష్టం, కరెంటు పోయినా అవే, కాలవ తెగినా అవే. ఆ రోజు ఇక్కట్లు పడినవాళ్లలో నేనూ ఉన్నాను. నాది సొంత వ్యాను, 18 ఏళ్లుగా నేనే నడుపుకుంటున్నాను. మీ నాలుగు లైన్లలో రాని సంగతి కొంత ఉంది, అందుకే ఈ ఉత్తరం.

కొండ పేరు రాయడం లేదు. రాస్తే రేపట్నుంచి నా బండికి ఆ దారి ఉండదు. కొండవీడు మాత్రం కాదు, అంతకంటే చాలా చిన్న కొండ.

కార్తీక మాసం మూడో ఆదివారం. అరండల్‌పేట నుంచి ఒక కుటుంబం, పిల్లలతో కలిపి 12 మంది. పులిహోర గిన్నె, దద్దోజనం క్యాను, రెండు చాపలు, ఒక పెద్దావిడ. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కొండ మీద ఉసిరి చెట్టు కింద దీపం పెట్టుకోవాలని ఆవిడ పట్టుబడితేనే ఈ కిరాయి కుదిరింది. తొమ్మిదింటికల్లా కొండ కిందికి చేరాం. చూస్తే రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప. దాని వెనకాల రెండు ఆటోలు మూతికి మూతి ఆనించి పెట్టి ఉన్నాయి. పక్కన అరుగు మీద పదిహేను మంది దాకా కూర్చున్నారు. కేకల్లేవు, తిట్లు లేవు. అదే ఎక్కువ భయం వేసింది.

అరుగు పక్కన వేపచెట్టు కొమ్మకు తీగతో ఏదో కట్టి వేలాడదీశారు. దిష్టికి కట్టిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే క్యారీబ్యాగుల ముద్ద. కొబ్బరికాయంత ఉంది. నల్లవీ తెల్లవీ, మధ్యలో ఏదో స్వీటు షాపు పసుప్పచ్చ కవరొకటి, అన్నీ ఒకదాంట్లో ఒకటి పేనుకుపోయి, ఎండి, రాయిలా తయారయ్యాయి. ఇదేంటని అడిగితే తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన చెప్పాడు.

"నా మేక పొట్టలోదయ్యా. చూడి మేక. మీరు తిని పారేసిన పులిహోర వాసనకి కవరుతో సహా మింగింది. కడుపుబ్బి మూడు రోజులు కొట్టుకుని చచ్చింది. కోస్తే ఇది. బతికుంటే 12 వేలు."

వ్యానులో ఒక్కళ్లూ నోరెత్తలేదు. పెద్దావిడే కాసేపాగి, "దీపం ఇంటికెళ్లి తులసికోట దగ్గర పెట్టుకుంటాలే బాబూ, బండి తిప్పు" అంది. తిప్పాను. కిరాయి సగమే ఇచ్చారు, నేనూ గట్టిగా అడగలేకపోయాను.

మేక ఒక్కటే కారణమైతే పంచాయతీ పెద్దలు కూర్చుని డబ్బులిప్పించి తేల్చేసేవాళ్లు. అసలు తగాదా పాతది. ఆ కొండకు తారు రోడ్డు పడకముందు పైకెళ్లేది మేకలవాళ్లు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, సీతాఫలాల రోజుల్లో పిల్లలు, అంతే. కొండవీడుకు ఘాట్ రోడ్డు పడ్డాక మా గుంటూరు వాళ్లకు ఆదివారమొస్తే కొండెక్కే అలవాటు పట్టుకుంది. అంతకుముందు రెడ్డిరాజుల కోట అంటే ఏడో క్లాసు పాఠం, పైకి ఎక్కాలంటే ఆయాసం. ఇప్పుడు కారులో కూర్చుంటే చాలు. ఆ ఊపులోనే చిన్నాచితకా కొండలకు కూడా గేట్లు, ఉయ్యాలలు, సెల్ఫీ బోర్డులు వచ్చాయి. నాలాంటి వాళ్లకు నాలుగు కిరాయిలు పెరిగాయి, కాదనను.

ఈ కొండ కింద రెండు పాలేలు ఉన్నాయి. రోడ్డు మొదటి పాలెం నడిబజారులోంచి పోతుంది. వాహనాలు ఆపుకునే ఖాళీ స్థలం రెండో పాలెం వైపు ఉంది. పార్కింగు పాట పెడితే రెండుసార్లూ రెండో పాలేనికి దగ్గరివాడే పాడుకున్నాడు. దుమ్ము ఒకళ్లకు, డబ్బు ఇంకొకళ్లకు. మొదటి పాలెంలో ఆటోలున్న కుర్రాళ్లు ఊరుకుంటారా? బయటి బండ్లు కింద ఆగాల్సిందే, పైకి మా ఆటోల్లోనే ఎక్కాలి అన్నారు. పైన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే ఆడవాళ్లను క్యాంటీను పాడుకున్నాయన గేటు దాటనివ్వడం మానేశాడు. వాళ్లలో రెండు పాలేల వాళ్లూ ఉన్నారు, వాళ్ల తరఫున అడిగే దిక్కు మాత్రం ఏ పాలెంలోనూ లేదు. వీటన్నిటి మీద మా కార్తీక వనభోజనాల సంబరం ఒకటి. గుంటూరులోనూ బెజవాడలోనూ వనభోజనాలంటే ఇప్పుడు కులం పేరు రాసిన బ్యానరు లేకుండా జరగడం తక్కువ. ఒక వారం ఒక కులం వాళ్లు పది బస్సుల్లో, మైకు సెట్టుతో దిగారు. ఆ బ్యానరు ఒక పాలేనికి తమదిగా కనిపించింది, రెండో పాలేనికి సవాలుగా కనిపించింది. పార్కింగు గొడవ ఆ రోజునుంచి కులం గొడవయింది. వచ్చినవాళ్లు భోంచేసి సాయంత్రానికి ఇళ్లకు చేరారు. మంట ఊళ్లో మిగిలింది.

ఒక చీటీ సంగతి చెప్పాలి. పార్కింగు దగ్గర వ్యానుకు 100 రూపాయలు కట్టించుకుని గులాబీ రంగు కాగితం ఇస్తారు. దాని మీద 'పార్కింగ్' అని ఉంటుంది, కింద ఒక గీత ఉంటుంది. నంబరు లేదు, తేదీ లేదు, పంచాయతీ ముద్ర లేదు, ఏ శాఖ పేరూ లేదు. అలాంటివి నా దగ్గర 11 ఉన్నాయి. ఒక ఆదివారం నేను లెక్కబెడితే కార్లూ వ్యాన్లూ కలిపి 140 దాకా ఉన్నాయి. బైకులు వేరు. ఆ డబ్బులో ఎంత ఎక్కడికి పోతోందో అరుగు మీద కూర్చున్న పదిహేను మందిలో ఒక్కడికీ తెలియదు. తెలియనప్పుడు ఎవరికి తోచిన లెక్క వాళ్లు కట్టుకుంటారు. ఒకడు లక్ష అంటాడు, ఇంకొకడు పది లక్షలంటాడు.

నాకు అర్థం కానిదొకటుంది. అదే కొండను కంకర కోసం పగలగొడితే సీనరేజిలో, అంటే తవ్వుకున్న రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుములో, స్థానిక సంస్థలకు వాటా ఉంటుంది. చేతికి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో పక్కనపెట్టండి, కాగితం మీదైనా వాటా ఉంది. కొండను పగలగొట్టకుండా ఊరికే చూసిపోయే జనం దగ్గర వసూలైన డబ్బులో మాత్రం కింద ఉన్న ఊరికి పైసా లేదా? ఇక ఆ ఊరివాళ్లకు పార్కు ముద్దా, క్వారీ ముద్దా?

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. ఇక్కడి కుర్రాళ్లను తీసుకుని మారేడుమిల్లికి కిరాయికి వెళ్లాను. అక్కడ అడవిలో బస, భోజనం చూసేది ఆ చుట్టుపక్కల గిరిజనులే, వన సంరక్షణ సమితి పేరు మీద. తలకోనలోనూ నేరబైలు సమితి అలాగే నడుపుతోంది. అడవిని ఊరివాళ్లతో కలిసి చూసుకునే పద్ధతి మన రాష్ట్రంలో 1992 నుంచీ ఉంది. మారేడుమిల్లిలో నా బండి అద్దం మీద ఎవడూ చెయ్యి వెయ్యలేదు, రోడ్డు మీద కంప పడలేదు. అంత దూరం దేనికి, గుంటూరును ఆనుకుని ఉన్న ఉప్పలపాడు చూడండి. చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు పెట్టుకుంటుంటే వాటిని కాపాడుకున్నది మొదట ఆ ఊరివాళ్లే. జనం చూడ్డానికి రావడం ఆ తర్వాత సంగతి.

ఊరివాళ్లను వెనకేసుకొస్తున్నాననుకోకండి. కంప వేసిన తర్వాత వారం పోలీసులొచ్చి దారి తెరిపించారు. ఆ పై వారం నాకంటే ముందు వెళ్లిన కారుకు రెండు టైర్లలో గాలి తీసేశారు. అందులో నెలల పసిపిల్ల ఉంది. మూడు కిలోమీటర్లు పైకి తీసుకెళ్లడానికి ఆటోకు 600 అడిగారు, పోనీ దింపేటప్పుడైనా అదే మాట మీద ఉన్నారా అంటే లేదు. మధ్యాహ్నానికే తాగి ఆడపిల్లల ఫొటోలు తీసే బ్యాచ్ ఒకటుంది, అదెవరో రెండు పాలేల పెద్దలకూ తెలుసు. మేక చచ్చిందని కడుపుమండిన ముసలాయనకూ వీళ్లకూ సంబంధం లేదు. కానీ వీళ్లు దాక్కునేది ఆయన వెనకాలే.

మా తప్పు కూడా రాస్తేనే ఉత్తరం పూర్తవుతుంది. ఇన్నేళ్లలో నా వ్యానులోంచి కొండ మీద పడిన కవర్లు ఎన్నో నేను లెక్కబెట్టలేదు. పార్టీవాళ్లు పారేస్తుంటే 'మనకెందుకులే' అని స్టీరింగు దగ్గర కూర్చుని ఫోను చూసుకున్నాను. ఇప్పుడు రెండు గోనెసంచులు పెట్టుకుంటున్నాను. ఇంటిదగ్గర ఎక్కేటప్పుడే చెబుతాను, చెత్త అందులో వేస్తేనే బండి కదులుతుందని. కొందరు నవ్వుతారు, ఒకాయన 'కిరాయి ఇస్తున్నాంగా' అన్నాడు. తిరుమల కొండ మీద ఇదే జనం గాజు సీసాకు డిపాజిట్టు కట్టి నీళ్లు కొనుక్కుని, ఖాళీ సీసా బుద్ధిగా తిరిగి ఇచ్చి వస్తున్నారు. గేటు దగ్గర కవర్లకూ సీసాలకూ అలాంటిదేదో పెట్టి, ఆ పని పొత్తులమ్మే ఆడవాళ్లకు అప్పజెబితే సరిపోతుంది.

పార్కింగు పాట మళ్లీ మార్చిలో ఉందంటున్నారు. పాటకు ముందు రెండు పాలేలనూ కూర్చోబెట్టి గ్రామసభ పెట్టాలి. షరతులు తెలుగులో చదివి వినిపించాలి, పంచాయతీ వాటా ఎంతో అక్కడే చెప్పాలి. ఆటో రేటు బోర్డు మీద రాయాలి. చీటీకి వరుస నంబరు, ముద్ర ఉండాలి. నెలకోసారి వసూలు లెక్క ఆ వేపచెట్టు దగ్గరే అంటించాలి. ఇవి చెయ్యకుండా ఆదివారం ఆదివారం నలుగురు కానిస్టేబుళ్లను నిలబెడితే, వాళ్లకు బందోబస్తు డ్యూటీ వేరేచోట పడ్డ రోజున మళ్లీ కంపే.

ఆ 11 చీటీలూ నా బండి డ్యాష్‌బోర్డులోనే ఉన్నాయి. సంబంధిత అధికారి ఎవరైనా అడిగితే తెచ్చి చూపిస్తాను. నా పేరు, ఫోను నంబరు మీ ఆఫీసుకు విడిగా రాశాను, పేపర్లో వెయ్యవద్దని మనవి.

ఇట్లు
ఒక వ్యాను డ్రైవరు,
గుంటూరు