పంతొమ్మిదో వరుస

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

ఈ ఉత్తరం ఓళిగల డబ్బా కింద పెట్టినా. ఓళిగలు రెండు రోజుల్లో తినెయ్యి. నిప్పట్లు పది రోజులుంటాయి, రూములోవాళ్లకూ పెట్టు. చెనక్కాయల పొడి జేజి స్టీలు డబ్బాలో ఉంది. ఆ డబ్బా జాగ్రత్త.

ఫోన్లో మాట్లాడొచ్చు కదా అంటావు. పంతొమ్మిది రోజులుగా నేనేం పంపినా నీ దగ్గర నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొస్తోంది. దాంతో ఎంతసేపని మాట్లాడేది?

మీ నాయన నడుము నొప్పి తగ్గింది. బోరు మోటరు మళ్లీ కాలింది. గుంతకల్లు అత్త మొన్న వచ్చిపోయింది. వాళ్ల ప్రసాదు నిన్ను మారతహళ్ళిలో చూసినాడంట, మంగళవారం పొద్దున పదకొండుకు, టీ బంకు దగ్గర. గడ్డం పెరిగిందంట. ఆ రోజు సెలవేమోలే అన్నా. ఆమె ఇంకేదో అనబోయింది, కాఫీ తెస్తానని నేను లేచినా.

అది వదిలెయ్యి. చెల్లెలి చదువు గురించి రాద్దామని కూర్చున్నా. కడపలో యోగి వేమన యూనివర్సిటీలో తెలుగు ఎమ్మే చేస్తానంటోంది. నువ్వేమో ఎంబీయే చెయ్యమని పంతొమ్మిది వరుసల పట్టిక పంపినావు. ఫీజెంత, వచ్చే జీతమెంత, ఎన్నేండ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది, దాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు. కాలేజీలకు ర్యాంకులు ఇట్లే ఇయ్యాల అని కింద రాసినావు. మీ నాయన అద్దాలు పెట్టుకోని మొత్తం చదివి, "చెనక్కాయకు ఈ లెక్కే వేసింటే మనం ఎప్పుడో పొలం అమ్ముకోవాల్సింది" అని లేచిపోయినాడు.

నేను లెక్కల టీచరును, అట్లా లేచిపోలేను. ఎర్ర ఇంకు పెన్ను తీసినా. జీతం గడిలో సగటు రాసినావు. ఐదుగురి జీతాలు ఏడాదికి 3, 3, 4, 4, 46 లక్షలనుకో. సగటు 12 లక్షలు. ఆ 12 ఆ ఐదుగురిలో ఎవరి చేతికీ రాలేదు. మధ్యగతం, అంటే వరుసలో నడిమి అంకె, తీస్తే 4. ఉద్యోగం రాని ఇద్దరిని కూడా వరుసలో నిలబెట్టు, మధ్యగతం 3కు దిగుతుంది. ఆ ఇద్దరిని నీ కాలేజీలవాళ్లు ఎక్కడ నిలబెట్టినారు? ఫీజు రీయింబర్స్‌మెంటు మొత్తంగా వచ్చిన పిల్లకు పెట్టుబడి సున్న. సున్నతో భాగించకూడదని నీకు ఎనిమిదో తరగతిలో నేనే చెప్పినా.

నువ్వు పంపిన అమెరికా వ్యాసమూ చదివినా. జార్జ్‌టౌన్ యూనివర్సిటీవాళ్లు 2019లో 4,500 కాలేజీలకు ఈ లెక్కే కట్టినారు. పదేండ్ల దగ్గర ఆపితే రెండేండ్ల కాలేజీలు, సర్టిఫికెట్ కోర్సులు ముందుంటాయి. నలభై ఏండ్ల దాకా పోతే నాలుగేండ్ల డిగ్రీ దాటిపోతుంది. కాలేజీలు అవే, ఎక్కడ ఆపినామనేదే తేడా. మన దగ్గర కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి కాలేజీలకు ఇస్తున్న ర్యాంకులు, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ఇంజనీరింగుకు నూటికి బోధనకు 30, పరిశోధనకు 30, పట్టా తీసుకున్న పిల్లలు ఏమయినారన్నదానికి 20, అన్ని రకాల పిల్లలకు చోటిచ్చినందుకు 10, పేరుకు 10. జీతం ఆ 20లో ఒక ముక్క, అదీ మధ్యగతమే.

లెక్క వద్దనడంలేదు. అప్పు చేసి చదివించేవాళ్లకు ఫీజెంతో, ఎంతమందికి ఉద్యోగాలొచ్చినాయో తెలియాల్సిందే. అవి దాచే కాలేజీల మీద నాకూ కోపమే. అంకె గోడ మీద రాయమను. దాన్ని పట్టుకోని వరుస పెట్టడమే నాకు సరిపోదు. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి పాత పుస్తకాలకు నకళ్లు రాయించినాడు. చెల్లెలు ఆయన పేరు మీదున్న గ్రంథాలయంలో కూర్చోవాలనే కడప అంటోంది. దాన్ని ఏ గడిలో రాస్తావు?

ఇంకో మాట, నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను కె.ఎస్.ఎన్. కాలేజీలో బీయెస్సీ చేరేటప్పుడు మా పెద్దమామ ఎరువుల బిల్లు వెనక పెన్సిలుతో లెక్క రాసినాడు. బస్సు పాసు, పుస్తకాలు, రెండు జతల బట్టలు, మూడేండ్లు. కింద గీత గీసి, "వచ్చేది: సున్న. పెండ్లి చేసి పంపేదానికి" అని రాసినాడు. మా నాయన ఆ కాగితంలో పొగాకు చుట్టుకోని తాగేసినాడు. డిగ్రీ అయింది, బీఈడీ అయింది, ఉద్యోగం లేదు. ఆరేండ్లు ఒక ప్రైవేటు బడిలో పనిచేసినా. జీతం చెప్తే నవ్వుతావు. వేసవి సెలవుల్లో అదీ ఇయ్యరు. సాయంత్రం ఇంటి అరుగు మీద పదిమంది పిల్లలకు భిన్నాలు చెప్పేదాన్ని, కొందరు సొరకాయ తెచ్చేవాళ్లు, కొందరు అదీ లేదు. దసరాకు పుట్టింటికి పోతే పెద్దమామ ఎదురొస్తాడని వెనక సందులోంచి పోయేదాన్ని. నాయన ఫోను చేయిస్తే బాగున్నానని పెట్టేసేదాన్ని. 1998 డీఎస్సీలో ఉద్యోగమొచ్చినాక అదే మామ స్వీటు పెట్టె తెచ్చి, "పెట్టుబడి వడ్డీతో సహా వచ్చెగదమ్మా" అన్నాడు. స్వీటు తీసుకున్నా గానీ ఆ మాట నచ్చలేదు. అంటే ముందు ఆరేండ్లు నేను నష్టమా? ఆ అరుగు మీద భిన్నాలు నేర్చుకున్న ఆంజనేయులు ఇప్పుడు మన వీధిలో కరెంటు లైన్‌మన్, మొన్న మోటరు విప్పి చూసింది వాడే.

పాఠం చెప్పకూడదనుకోని మొదలుపెట్టి పాఠమే చెప్పినా. సరే.

నీ పట్టికలో పద్దెనిమిది ఎంబీయే కాలేజీలు. పంతొమ్మిదోది నీ ఇంజనీరింగు కాలేజీ. చెల్లెలికి దాంతో ఏం పని? అన్నిటికీ లక్షల్లో ఉంది, దానికి మటుకు జీతం గడిలో సున్న. మొదట తప్పు పడిందనుకున్నా. అంకెల్లో నువ్వు తప్పు రాసే పిల్లోడివి కాదు.

పోయిన వారం బ్యాంకు నుంచి ఫోనొచ్చింది, నీ చదువు అప్పు కంతు జమ కాలేదని. ఏదో పొరపాటనుకోని నేనే కట్టేసినా. మీ నాయనకు చెప్పినా, సరేలే అన్నాడు, ఇంకేమీ అనలేదు. రాత్రి మాత్రం వాడికి డబ్బులున్నాయా అని రెండుసార్లు అడిగినాడు. డబ్బా అడుగున కవరుంది, పేపరు తీసి చూడు.

గడ్డం తీసెయ్యి, నీకు బాగుండదు. పొద్దున టీతో సరిపెట్టొద్దు, కడుపులో మంట ఉంది నీకు. జేజి డబ్బా మూత బిగుతు, చెంచా కొనతో లేపు. జేజి రెండు రోజులుగా ఆ డబ్బా ఏదని అడుగుతోంది. ఎవరితోనూ పంపొద్దు, నువ్వే తెచ్చియ్యి.

మీ అమ్మ