ట్రైపాడ్ విప్పగానే ‘లెటరుందా?’

సంపాదకులకు,

అయ్యా,

పెద్ద సినిమావాళ్లు తలకోనకో చంద్రగిరికో చిత్రీకరణకు వస్తే జిల్లా పేజీల్లో ఫొటోతో సహా వార్త వస్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వార్తకెక్కని సినిమావాళ్లు చాలామంది ఉన్నారు. పగలు ఏదో ఒక ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, మిగిలిన వేళల్లో నలుగురైదుగురు మిత్రులతో కలిసి పదిహేను ఇరవై నిమిషాల కథాచిత్రాలు తీసుకునే మావంటి వాళ్ల ఇబ్బందుల్లో డబ్బు లేకపోవడం ఒకటి మాత్రమే. అంతకంటె ఎక్కువగా మమ్మల్ని వెనక్కు లాగుతున్నవి రెండున్నాయి: నిలబడి తీసుకోవడానికి అనుమతి, తీసింది పదిమందికి చూపించుకోవడానికి ఒక హాలు. ఈ రెండూ ప్రభుత్వం పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగినవే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

నా బతుకుదెరువు పెళ్లిళ్ల వీడియోలు. ముహూర్తాలున్న నెలల్లో కెమెరా మా ఇంటికి అన్నం పెడుతుంది. ఆషాఢమో మూఢమో వచ్చినప్పుడే అది మా కథల కోసం బయటికి వస్తుంది. కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చే షాపులవాళ్లు కూడా ఆ రోజుల్లోనే రోజు అద్దె తగ్గించి ఇస్తారు కనుక, ఇక్కడి షార్ట్ ఫిల్ములు చాలావరకు ఆషాఢంలోనే పుడతాయి. ఆషాఢం గాలి సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. నటుడి చొక్కాకు తగిలించిన కాలర్ మైకులో మాటకంటె గాలే ఎక్కువ పడుతుంది. మైకుకు ఎన్ని తువాళ్లు చుట్టినా, చివరికి ఎవరో ఒకరి ఇంట్లో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ డబ్బింగ్ చెప్పుకోవలసిందే. ఇవన్నీ ఇష్టపడి నెత్తిన పెట్టుకున్న కష్టాలు కాబట్టి వాటి గురించి ఎవరినీ తప్పుపట్టడం లేదు.

తప్పుపట్టవలసింది అనుమతుల తీరును. తోతాపురి మామిడి కాయలతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలిచిపోయిన ఒక ట్రాక్టరు, దాని మీద రాత్రంతా గడిపే తండ్రీకూతుళ్లు, ఇదీ మేము తీసిన కథ. జూన్, జులైలో చిత్తూరు చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఈ వరుసలు కొత్త కావు. దారిన పోయేవాళ్లు ఆ వరుసను సెల్‌ఫోన్లలో తీసుకుంటూనే ఉన్నారు, వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. మేము అదే ఫోనును ట్రైపాడ్ మీద బిగించగానే కాపలా మనిషి పరుగున వచ్చి, “ఏంది సార్ ఇది, సినిమానా? హీరో ఎవురు? లెటరుందా?” అని అడిగాడు. తీసే వస్తువు ఒకటే, తీసే సాధనం ఒకటే, మధ్యలో మూడు కాళ్ల స్టాండు చేరినందుకు అది ‘షూటింగ్’ అయిపోయింది. పాపం, అతనిది ఉద్యోగ ధర్మం. కానీ ఆ లెటరు ఎవరి దగ్గర తెచ్చుకోవాలో అతనికీ తెలియదు, అతని పై అధికారికీ తెలియదు.

రాష్ట్రంలో చిత్రీకరణ అనుమతుల వ్యవహారం చూడడానికి చలనచిత్ర, టెలివిజన్, నాటకరంగ అభివృద్ధి సంస్థ ఉంది. అయితే ఈ ఏర్పాట్లన్నీ నిర్మాణ సంస్థలను, జనరేటర్లను, క్యారవాన్లను, వందమంది యూనిట్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే తప్ప, ఒక ఫోను, ఒక మైకు, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బాతో వచ్చే అయిదుగురిని ఊహించుకుని చేసినవి కావు. చంద్రగిరి రాజమహల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అక్కడ సినిమా తీయాలంటే ఆ శాఖ లైసెన్సు కావాలి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం, అక్కడ అటవీ శాఖ అనుమతి కావాలి. ఈ నిబంధనలకు కారణాలున్నాయి, వాటిని ఎత్తివేయమని అడగడం లేదు. తిరుమల కొండ మీద రీల్స్ పేరుతో జరిగిన వికారాలు చూశాక దేవస్థానం కఠినంగా ఉండడం కూడా సమంజసమే అనిపిస్తుంది. నేనడిగేది బస్టాండు పక్క వీధి, కూరగాయల మార్కెట్టు, చెరువు కట్ట, ప్రభుత్వ బడి వరండా వంటి మామూలు చోట్ల గురించి. పదిమందికి మించకుండా, దారికి అడ్డం లేకుండా, డ్రోన్లు, పెద్ద లైట్లు లేకుండా తీసుకునేవాళ్లకు ఒక్క పేజీ చీటీ మునిసిపల్ కార్యాలయంలోనో మండల కార్యాలయంలోనో రెండు రోజుల్లో ఇచ్చే పద్ధతి ఉంటే చాలు. ఆధార్ నకలు తీసుకోండి, తేదీ, వేళ రాయించుకోండి, మాట తప్పినవాడికి మళ్లీ ఇవ్వకండి.

ఇక చూపించుకోవడం గురించి. యూట్యూబ్ ఉంది కదా అని అందరూ అంటారు. ఉంది, అందుకు కృతజ్ఞులమే. కాని ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఇరవై నిమిషాల చిత్రాన్ని మొదటినుంచి చివరివరకు 12,000 సార్లు చూస్తే గాని ఆ గంటలు నిండవు. రెండో నిమిషంలో వేలితో పైకి తోసేసే కాలంలో అది ఎంత దూరమో చెప్పనక్కరలేదు. డబ్బు మాట అటుంచితే, తీసినవాడికి ఎదుట కూర్చున్న ప్రేక్షకుడు కావాలి. మా ట్రాక్టరు కథను ఒక పల్లెలో గుడి మండపానికి తెల్ల పంచె కట్టి, అద్దె ప్రొజెక్టరుతో వేశాం. కాటా దగ్గర గుమాస్తా తరుగు కింద బరువు కోసే దృశ్యం రాగానే జనంలో మాటలు మొదలై, అవి పెద్దవై, ఎవరికి ఏ సంవత్సరం ఎంత కోశారో లెక్కలు తేలేదాకా బొమ్మ ఆపవలసి వచ్చింది. ఒక పెద్దాయన, “ఆ ముక్క ఇంకోసారి ఎయ్యి నాయనా” అన్నాడు. ఆ ఒక్క రాత్రి నేను నేర్చుకున్నది ఆన్‌లైన్లో వచ్చిన హృదయం గుర్తులన్నీ కలిపినా నేర్పలేదు.

విచిత్రమేమిటంటే, చట్టాన్ని అక్షరాలా పట్టుకుంటే ఆ ప్రదర్శనకు కూడా సర్టిఫికెట్టు ఉండాలి. (అందుకే ఆ పల్లె పేరు రాయడం లేదు.) 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమాను బహిరంగంగా ప్రదర్శించాలంటే సెన్సార్ బోర్డు ధ్రువీకరణ తప్పదు. అదే చిత్రాన్ని ప్రపంచమంతటికీ కనిపించేలా యూట్యూబ్‌లో పెట్టడానికి ఆ కాగితం అవసరం లేదు. మా ప్రాంతీయ సెన్సార్ కార్యాలయం హైదరాబాదులో ఉంది. పైగా కథలో జంతువును చూపిస్తే, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న జంతు సంక్షేమ బోర్డు నుంచి పత్రం తేవాలి. మూగజీవాల మేలు కోరి పెట్టిన ఆ నియమాన్ని గౌరవిస్తాను. అయితే తిరుపతి వీధిలో కెమెరా పెట్టి ఒక్క ఆవైనా అడ్డం రాకుండా షాటు తీయగల మొనగాడెవరో నాకు చూపించండి.

చిత్తూరుకు ఈ విషయంలో చెప్పుకోదగిన చరిత్ర ఉంది. నాగయ్య గారు 1938లో వెండితెర మీదికి రాకముందు చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆడినవారు. ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరైపోయింది. ఊళ్లో రంగస్థలం, దాని ముందు చప్పట్లైనా కొట్టే, లేచైనా పోయే జనం ఉన్నారు కాబట్టే ఆ నటుడు తయారయ్యాడు. సినిమా మద్రాసులో ఉన్న కాలంలో మన కుర్రాళ్లు పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి కోడంబాకంలో దిగేవారు. హైదరాబాదుకు ఇక్కడినుంచి ఒక రాత్రి ప్రయాణం. దూరం పెరిగినప్పుడు దగ్గరలో ఏదో ఒక వేదిక పెరగాలి, అది జరగలేదు. కేరళలో 1998లో ఏర్పడిన చలచిత్ర అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీలకు, లఘుచిత్రాలకు ప్రత్యేకంగా అంతర్జాతీయ ఉత్సవమే నడుపుతోంది. మనం అంత పెద్దది అడగడం లేదు.

తిరుపతిలో మహతి కళాక్షేత్రం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది, విశ్వవిద్యాలయాలకు సొంత ఆడిటోరియాలు ఉన్నాయి. వీటిలో ఏదో ఒకదాన్ని, కార్యక్రమాలు లేని ఒక సాయంత్రం, నెలకొకసారి స్థానిక లఘుచిత్రాలకు కేటాయించమని జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సర్టిఫికెట్టు విషయంలో ఒక్కొక్కరం విడివిడిగా తిరగడంకంటె, చిత్రోత్సవాలకు కేంద్రం మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉంది కాబట్టి, ఆ నెల చిత్రాలన్నిటికీ కలిపి అభివృద్ధి సంస్థే మినహాయింపు కోసం రాస్తే పని తేలికవుతుంది. హాలు ఉచితంగా వద్దు. కరెంటు ఖర్చు, ఊడ్చేవాళ్ల కూలీ మేమే చందాలు వేసుకుని కడతాం, ప్రొజెక్టరు కూడా మేమే తెచ్చుకుంటాం. చిన్న బృందాల చీటీ గురించిన ఉత్తర్వు మాత్రం ఆషాఢానికి ముందే వెలువడేలా చూడాలని మనవి. శ్రావణం వస్తే కెమెరాలన్నీ మళ్లీ పెళ్లి మండపాల్లోనే ఉంటాయి.

ఇట్లు,
ఒక లఘుచిత్ర దర్శకుడు,
తిరుపతి.
(పేరు ప్రచురించవద్దని మనవి)